గోలెం నీళ్లు

నెల కిందట మా కోడలికి ఆడపిల్ల పుట్టింది. శంషాబాద్‌లో రోడ్డు పక్కనే ఉన్న ఒక దవాఖానలో కాన్పు. మర్నాడు పొద్దున నర్సు వచ్చి పెద్ద నీళ్ల సీసా ఒకటి బల్ల మీద పెట్టి, "సాయంత్రం లోపల ఇది ఖాళీ కావాలె, నీళ్లు బాగా తాగితేనే పాలు పడతయి" అని నా ముఖం చూసి మరీ చెప్పి పోయింది. ముసలివాళ్లతో ఇలాంటివి గట్టిగా చెప్పాలని ఆ పిల్లకు ఎవరో నేర్పినట్టున్నారు. మా కోడలు కోస్తా వైపు పిల్ల, మాట మెత్తగా ఉంటుంది. "అత్తయ్యా, కొంచెం నీళ్లు పోసి ఇస్తారా?" అంది.

గ్లాసు తీసుకున్నాను, సీసా మూత తిప్పాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. నేను పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, ముగ్గురు పిల్లలను కన్నదాన్ని, బాలింత నీళ్లు తాగాలని నాకు తెలియక కాదు. అయినా చెయ్యి కదల్లేదు. కోడలు రెండోసారి అడిగాక పోసి ఇచ్చాను. ఏమాలోచిస్తున్నారని అడిగితే ఏం లేదన్నాను. ఏం లేదని కాదు, ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక.

మా ఇల్లున్న చోటు ఇప్పుడు విమానాశ్రయం గోడ లోపల ఉంది. ఆ ఇంటి వెనుక చేదబావి ఉన్న జాగాలో ఇప్పుడు విమానాలు దిగుతాయని మా తమ్ముడంటాడు, కార్లు ఆపుతారని మా ఆయనంటాడు. ఇద్దరూ చూసింది లేదు, వాదన మాత్రం తెగదు. నేను ఒక్కసారి విమానమెక్కాను. పైకి లేచేటప్పుడు కిటికీలోంచి బావి కోసం వెతికాను, తెలివితక్కువగా.

మా ఊళ్లో నీళ్లు రెండు రకాలు. ఇంటి చేదబావిలో ఉప్పునీళ్లు. ఒళ్లు కడుక్కోవడానికి, బట్టలకు, పశువులకు అవే. ఆ నీళ్లతో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, కందిపప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజలాగే ఉంటుంది. తాగడానికి, వంటకు చేన్లకు అవతల ఉన్న మోటబావి నుంచి మంచినీళ్లు బిందెలతో మోసుకొచ్చేవాళ్లు. హిమాయత్ సాగర్ మాకు మరీ దూరం కాదు. బాపు ఒకసారి బండి మీద తీసుకుపోతే కట్ట మీద నిలబడి చూశాను. కంటికి ఆనినంత దూరం నీళ్లే. అవన్నీ పట్నం వాళ్లకట. మేం చూసి సంతోషపడి, ఇంటికొచ్చి ఉప్పునీళ్లతో కాళ్లు కడుక్కున్నాం.

మంచినీళ్లు వంటింటి మూల రంజన్‌లో ఉండేవి. పెద్ద మట్టికుండ, వేసవిలో చల్లగా, కొత్త మట్టివాసనతో. ఉప్పునీళ్లు పెరట్లో గోలెంలో, అంటే మూత లేని పెద్ద తొట్టిలో. మేకలు అందులోనే మూతి పెట్టేవి, కాకులు అంచు మీద వాలేవి, లోపల గోడంతా పచ్చటి పాచి. ఈ రెండింటి మీదా అధికారం మా నానమ్మది.

నానమ్మ మంత్రసాని. మా చర్చి ఇళ్లకే కాదు, ఊరికంతటికీ ఆమే. పెద్ద రైతుల వాకిట్లో చెప్పులు చేత పట్టుకుని ఓరగా నడిచే మనిషి, కాన్పు గదిలోకి పోయాక మాత్రం ఆ ఇంటి పెద్దాయనను కూడా "బయటికి నడువు" అనేది. ఆయన నడిచేవాడు. ఆమె చేతులకు ఎప్పుడూ ఆముదం వాసన, కొంగుకు వాము వాసన. బిడ్డ తల కనబడగానే లోపల్లోపల ప్రార్థన మొదలుపెట్టేదట, బిడ్డ ఏడ్చాక ఆమేన్ అనేదట. గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని ఏ బావివో చెప్పేది. ఆ నాలుక దగ్గర ఎవరి ఆటలూ సాగేవి కావు.

అప్పుడు నేను నాలుగో తరగతి. మా సైన్సు సారు కోస్తా నుంచి వచ్చినాయన, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాడు. "నీటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. రాసుకోండి" అన్నాడు ఒకరోజు. నేను చెయ్యెత్తాను.

"సార్, మా బాయి నీళ్లు ఉప్పగుంటయి సార్."

"అది నీటి రుచి కాదమ్మా. నీటిలో కరిగిన ఉప్పు రుచి."

"మరి ఉప్పు లేని నీళ్లు ఏడుంటయి సార్?"

"వాన నీళ్లలో."

"వాన పడంగనే వాసనొస్తది గద సార్."

క్లాసంతా నవ్వింది. నన్ను బెంచీ ఎక్కించాడు. నేను నిజంగానే అడిగాను, వెటకారం కాదు. ఆ వారమంతా దొరికిన నీళ్లన్నీ రుచి చూస్తూ తిరిగాను. రంజన్ నీళ్లు, గోలెం నీళ్లు, మేకలకు పోసిన కుడితి మీద తేట, చివరికి చర్చి వెనుక బాప్తిస్మం తొట్టిలోవి కూడా దోసిలితో తాగాను. ఆ సంగతి చర్చి పాస్టరు అయ్యగారికి తెలిస్తే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయమే. పరీక్షలో "నీటికి రుచి ఉండును గాని అది నీటిది కాదు" అని రాస్తే అర మార్కు వేశాడు. అర మార్కు ఎందుకు వేశాడో, మిగతా అర ఎందుకు వేయలేదో అర్థం కాలేదు.

తర్వాత జీవులకు నీరు ఎంత అవసరమో చూపిస్తానని రెండు పగిలిన కుండల్లో చిక్కుడు గింజలు నాటించాడు. మొలకలొచ్చాక ఒకదానికి రోజూ నీళ్లు పోయాలి, రెండోదానికి పోయకూడదు. పోసే పని నాది. మూడు రోజులకు రెండో మొక్క మెడ వాల్చేసింది. నాకు దాన్ని చూస్తే అన్నం సయించలేదు. ఇంటర్వెల్‌లో ఎవరూ లేనప్పుడు దోసిలితో దానికీ పోశాను. వారం తర్వాత సారు వచ్చి చూస్తే రెండూ నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆయన ఆ కుండను తిప్పి తిప్పి చూశాడు, మట్టి వేలితో గెలికాడు, పాపం. నా పక్కన కూర్చునే పిల్ల చెప్పేసింది.

"ప్రయోగం పాడు చేశావు. జాలి పడితే ఏదీ తేలదు" అన్నాడు. కొట్టలేదు. కొడితే మర్చిపోయేదాన్నేమో.

ఎండలు ముదిరే రోజుల్లో అమ్మకు నొప్పులొచ్చాయి. నానమ్మే పురుడు పోసింది. తమ్ముడు పుట్టాడు. మర్నాటి నుంచి మా ఇల్లంతా బాలింత వాసన. సాంబ్రాణి, వేపాకు వేసి కాచిన నీళ్లు, ఎల్లిపాయ కారం, మంచం కింద కుంపటి. అమ్మ చెవుల్లో పత్తి, తలకు గుడ్డ, నడుముకు పాత చీర బిగించి కట్టు. ఆమె కోసం చేసిన శొంఠి బెల్లం ఉండలు రెండు ఎత్తుకుపోయి తిని, మంట తట్టుకోలేక పెరట్లో గెంతులేశాను.

తిండికి పాత బియ్యం అన్నం, నెయ్యి, కారం. పొద్దునా సాయంత్రం నానమ్మ అమ్మను పీట మీద కూర్చోబెట్టి, కాగు నిండా మరిగిన నీళ్లు చెంబుతో ఎత్తి నడుం మీద కొట్టినట్టు పోసేది. తాగడానికి మాత్రం పూటకు పావు గ్లాసు, అదీ గోరువెచ్చగా. ఒంటి మీద అన్ని నీళ్లు పోసి నోట్లో గుక్కెడు పోయకపోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు.

"పచ్చి ఒళ్లు బిడ్డా," అంది నానమ్మ. "నీళ్లు తాగితే నీరు పడ్తది. కాళ్లు ఉబ్బుతయి, పిలగానికి సర్ది జేస్తది. నేను లేనప్పుడు నువ్వే సూడాలె. మీ అమ్మ అడుగుతది. ఇయ్యకు."

అలా నన్ను కాపలా పెట్టింది. ఒళ్లో సైన్సు నోటుబుక్కు పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నీరు లేక ఏ జీవీ బ్రతకజాలదు అని నా చేతి రాతతోనే ఉంది. నీళ్లు తాగితే బాలింత బతకదని ఊరికంతా పురుళ్లు పోసిన మనిషి చెప్పి పోయింది. సారు ఒక్క కాన్పూ చేయలేదు, నానమ్మ ఒక్క పుస్తకమూ చదవలేదు. ఎవరి మాట నమ్మాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. బాపును అడిగితే "ఆడోళ్ల ముచ్చట నాకేమెరుక" అని చేనుకు పోయాడు.

"బిడ్డా, దూపయితుంది. జరన్ని నీళ్లు తేవా," అంది అమ్మ మూడో రోజు మధ్యాహ్నం.

"నానమ్మ కొడ్తది."

అమ్మ మళ్లీ అడగలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి చూస్తే, తమ్ముడికి స్నానం చేయించి తుడిచిన తడిగుడ్డ మూల నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. నన్ను చూసి సిగ్గుపడి గుడ్డ దాచుకుంది. మా అమ్మ నా ముందు సిగ్గుపడటం నాకు అదే మొదటిసారి. మెడ వాల్చిన మొక్క గుర్తొచ్చింది.

లేచి రంజన్ దగ్గరకు పోయాను. కొత్త రంజన్ చెమరుస్తుంది కదా, లోపల నీళ్లు ఎంతవరకు ఉంటే బయట తడి అంతవరకే కనబడుతుంది. నానమ్మ ఆ తడి అంచు దగ్గర సున్నంతో బొట్టు పెట్టి పోయింది. ముంచితే దొరికిపోతాను. ముంచి ఉప్పునీళ్లు కలిపేద్దామంటే ఆమె నాలుక సంగతి తెలుసు. చేదబావి నుంచి తోడుదామంటే తాడు లాగే బలం నాకు లేదు. గోలెం దగ్గరకు పోయాను. పాచి చేత్తో పక్కకు తోసి చెంబు ముంచాను.

అమ్మ ఆపకుండా తాగింది. రెండో చెంబు కూడా తెచ్చాను. ఉప్పగా ఉన్నాయని అనలేదు, వాసనొస్తున్నాయని అనలేదు. నీటికి రుచీ వాసనా లేవని సారు చెప్పింది ఇదేనేమో అనుకున్నాను. మూతి తుడుచుకుని, "మీ నానమ్మతోటి అనకు" అంది. ఆమె ముఖంలో ప్రాణం తిరిగొచ్చింది. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. నాలుగు రోజులు అలాగే ఇచ్చాను.

ఇవ్వడం మొదలుపెట్టిన ఐదో రోజు తెల్లారేసరికి అమ్మకు వాంతులు, విరేచనాలు, ఒళ్లు కాలిపోయే జ్వరం. నానమ్మ వాము కషాయం పట్టింది, కడుపు మీద ఆముదం రాసింది, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది. విరేచనాలు ఆగాలంటే నీళ్లు ఆపాలని ఆ పావు గ్లాసు కూడా మానేసింది. మధ్యాహ్నానికి అమ్మ కళ్లు లోపలికి పోయాయి. పాలు ఆగిపోయాయి. తమ్ముడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఊరికే నోరు తెరుస్తున్నాడు.

నాకు ఒకటే మాట తిరుగుతోంది, ఇది నేను చేసిందే అని. నానమ్మ వద్దన్నది, ఇచ్చాను, అమ్మ చచ్చిపోతోంది. మళ్లీ, నీళ్లు చాల్లేదేమో, ఇంకొంచెం ఇచ్చి ఉంటే బాగుండేదేమో అని కూడా. రెండూ ఒకేసారి అనిపించాయి.

బాపు బండి కట్టాడు. బెంగళూరు రోడ్డు దాకా బండిలో, అక్కడ లారీ ఆపి దవాఖానకు. తోడుగా నానమ్మ, మా చర్చి అయ్యగారి భార్య వచ్చారు. తమ్ముణ్ని ఎత్తుకోవడానికి నన్నూ ఎక్కించారు.

డాక్టరమ్మ అమ్మ పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. చర్మం మళ్లీ పరుచుకోలేదు, పట్టినట్టే నిలబడింది.

"నీళ్లెన్ని ఇస్తున్నరు ఈమెకు?"

"పూటకు పావు గిలాస డాక్టరమ్మా. అంతకన్న ఒక్క బొట్టు ఎక్కువియ్యలే," అంది నానమ్మ. మెచ్చుకుంటారనుకుంది. ఆమె గొంతులోనే తెలిసింది.

"ఒంట్ల నీళ్లు లేక తోలు ఎట్ల నిలబడ్డదో సూడు. మంత్రసానివంటున్నవ్. ఎండబెట్టి చంపుతున్నవ్ గద నీ కోడల్ని."

అయ్యగారి భార్య నానమ్మ వైపు చూసింది. లారీ డ్రైవరు చూశాడు. బెంచీ మీది పేషెంట్లంతా చూశారు. నానమ్మ కొంగు సర్దుకుంది.

"బయట నీళ్లేమన్న తాగిందా? పాసినవి, నిలువ ఉన్నవి?"

"నా చెయ్యి దాటి ఏం పోలే," అంది నానమ్మ. ఆమెకు తెలిసినంతలో అది నిజం.

అమ్మ కళ్లు తెరిచి నన్ను ఒక్క చూపు చూసి మళ్లీ మూసుకుంది. నేను తమ్ముణ్ని గట్టిగా పట్టుకున్నాను. చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరుచుకోలేదు.

అమ్మ చేతికి సూది గుచ్చి, పైన సీసా తగిలించారు. అదేం మందని నానమ్మ కాంపౌండరును అడిగింది.

"ఉప్పు నీళ్లే అవ్వా. నీళ్లల్ల జరంత ఉప్పు, గంతే."

నానమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. సీసాలోంచి పడే చుక్కలనే చూస్తూ, "నోట్లకెళ్లి వద్దన్న నీళ్లు నెత్తుట్లకు పోస్తున్రు. గిన్ని పోతున్నా నీరు పట్టలేదేంది," అని తనలో తనే అనుకుంది. నాకైతే పూర్తిగా మతి పోయింది. గోలెంలో ఉన్నవీ ఉప్పు నీళ్లే, సీసాలో ఉన్నవీ ఉప్పు నీళ్లే. వాటితో పడిపోయిన అమ్మ వీటితో లేస్తోంది. సారు ఉంటే ఏమనేవాడో.

మూడు రోజులకు ఇంటికొచ్చాం. అమ్మ బతికింది. పాలు మళ్లీ పడ్డాయి. మాట మాత్రం మా కంటే ముందే ఊళ్లోకి వచ్చి ఉంది. కోడలికి నీళ్లివ్వకుండా చంపబోయిందట అని. ఆ తర్వాత నానమ్మను కాన్పుకు పిలిచినవాళ్లు లేరు. బావి దగ్గర ఆడవాళ్లు ఆమె వస్తే మాట ఆపేసేవాళ్లు. ఆమె ఆముదం సీసా, బొడ్డు కోసే కత్తి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి వెనుక స్తంభం పక్కకు పోయింది. నేను ఒక్క మాట అంటే ఆ నింద సగమైనా తగ్గేది. రోజూ పొద్దున ఇవాళ చెబుతాననుకునేదాన్ని.

అమ్మ ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నన్ను కాపాడటానికా, పావు గ్లాసు నీళ్లు పోసిన అత్త మీద కోపానికా. పెద్దయ్యాక ఒకసారి అడిగాను. "ఏమో బిడ్డా, యాదికి లేదు. దూప ఒక్కటే యాదికున్నది," అంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు నానమ్మా నేనూ గోలెం ఖాళీ చేసి తోముతున్నాం. ఆమె లోపలికి వంగి కొబ్బరి పీచుతో పాచి గీకుతోంది, నేను బూడిద అందిస్తున్నాను. ఆమె ముఖం కనబడటం లేదు కాబట్టి చెప్పగలిగాను. అమ్మకు ఈ నీళ్లు నేనే పోశానని.

గీకుడు ఆగింది. "ఎన్ని దినాలు?"

"నాలుగు."

"మీ అమ్మకెరుకేనా, గోలెం నీళ్లని?"

"ఎరుకే."

తర్వాత మళ్లీ పీచు చప్పుడు. "నీళ్లతోటి అయ్యిందో, నీళ్లు లేక అయ్యిందో ఎవలకెరుక. ఇంక ఎవ్వలతోటి అనకు. ఒక్కదాని పేరు పోయింది, సాలు," అంది గోలెం లోపలి నుంచే.

నాకు ఏడుపొచ్చింది. బరువు దిగినందుకో, దిగనందుకో తెలియదు.

వారం తిరగకముందే కందుకూరు దిక్కు నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. నానమ్మ పేరు చెడిన సంగతి అక్కడిదాకా పోయింది, కానీ ఆయన వచ్చింది అందుకు కాదు. ఆయన పుట్టినప్పుడు పురుడు పోసింది నానమ్మేనట. ఇప్పుడు ఆయన భార్యకు కాన్పయి రెండు రోజులు.

"నీళ్లు నీళ్లని ఏడుస్తుంది అవ్వా. మా అమ్మేమో ఇయ్యనిస్తలేదు. నువ్వే సెప్పినవంట, నీ మాటంటే మాటేనంటది. ఇయ్యాల్నా, వద్దా?"

వాకిట్లో బాపు ఉన్నాడు, అమ్మ ఉంది, పక్కింటివాళ్లు ఇద్దరు గోడ మీదుగా చూస్తున్నారు. నానమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇయ్యి. అడిగినన్ని ఇయ్యి. నేను సెప్పింది తప్పని మీ అమ్మతోటి అను."

ఆయన తల ఊపి వెనక్కి తిరిగాడు. ఆమె మళ్లీ పిలిచింది.

"కాగబెట్టి సల్లార్చి ఇయ్యి. నిలువ నీళ్లు పోయకు. నేను గోలెం నీళ్లు పోసిన, నా కోడలు పానం మీదికొచ్చింది."

ఆయనకు తికమకయింది. "నువ్వు నీళ్లే ఇయ్యలేదన్నరు గదవ్వా?"

"అదీ నేనే జేసిన, ఇదీ నేనే జేసిన. నువ్వు పో, ఆ పిల్ల దూపతోటున్నది."

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడైనా నోరు తెరవొచ్చు, ఒక్క మాట. తెరవలేదు. నానమ్మ నా వైపు చూడను కూడా లేదు. ఆయన పోయేదాకా చూసి, చీపురు తీసుకుని వాకిలి ఊడ్చుకుంది.

ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది, అమ్మ కూడా పోయింది. అనకు అన్న మాట నిలబెట్టుకున్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అది ఆమె మాట వినడమో, నా పిరికితనమో నాకు తెలియదు. అమ్మను పడగొట్టింది నీళ్లు లేకపోవడమో, నేనిచ్చిన నీళ్లో అదీ తేలలేదు. తేలింది ఒక్కటే ఉంది, దాన్నైనా సరిగ్గా చెప్పాలి. గోలెం నీళ్లు పోసింది మా నానమ్మ కాదు, నేను.